ఇంజను ఉడికిన నీళ్లు

మొన్న ఆదివారం పొద్దున వంటగదిలోకి వెళ్లేసరికి మా ఆయన మిక్సీని విప్పి బండ మీద పరుచుకుని కూర్చున్నాడు. చట్నీకని వేయించి పెట్టుకున్న పల్లీలు ఒక పక్క, మిక్సీ కడుపులోని సామానంతా ఒక పక్క. "కింద బుష్షు అరిగింది, చిన్న పని, ఇప్పుడే అయిపోతుంది" అన్నాడు. ఆ చిన్న పని అనే మాట చెవిన పడగానే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ముక్కలన్నీ మూటగట్టి దుకాణానికి పట్టుకుపొమ్మని గట్టిగా అరిచాను. పాపం ఆయన బిత్తరపోయాడు. ఇంట్లో కూర్చుని యంత్రాలు విప్పే మగవాళ్లందరి మీదా నాకున్న కోపం ఆయన మీద పడింది. ఆ కోపానికి అసలు హక్కుదారు మా నాన్న, మా బాపు.

మాది నల్గొండ జిల్లాలో మర్రిగూడ దిక్కు ఒక ఊరు. వానొస్తే పత్తి, రాకపోతే అప్పటిదాకా దున్నిన దుక్కి. భూమిలో నీళ్లు లేక కాదు, ఉన్న నీళ్లతోనే మాకు పేచీ. బోరు కొడితే తేటగా వచ్చేవి. కానీ గంజులో పోసి కాగబెడితే అంచుల చుట్టూ తెల్లటి పొర కట్టేది. బకెట్లకు పొర, స్నానాల బండకు పొర, ఆరేసిన బట్టలకు పొర. దవాఖాన వాళ్లు ఫ్లోరైడ్ అనీ, కంటికి కనబడేది కాదనీ చెప్పేవాళ్లు. మా అమ్మ అదేమీ పట్టించుకునేది కాదు. గంజుకు పట్టే పొరే మనిషి లోపల బొక్కలకూ, అంటే ఎముకలకూ, పడుతుందని ఆమె లెక్క.

ఆమెకు ఆ లెక్క నేర్పింది మా మామ కాళ్లు. మామ అంటే అమ్మ తమ్ముడు, మా ఇంట్లోనే ఉండేవాడు. చిన్నప్పుడు గొర్రెపిల్లల వెంట పరుగెత్తేవాడట. ఏటికేడు మోకాళ్లు లోపలికి వంగి, నడుము బిగుసుకుపోయి, నేను చూసేనాటికి రెండు చేతులూ నేలకానించి జరుగుతూ నడిచేవాడు. నోరు మాత్రం ఏమాత్రం వంగలేదు. అరుగు మీద కూర్చుని దారిన పోయే ప్రతివాళ్లకీ ఏదో ఒకటి తగిలించేవాడు. ఆయన నవ్వించినప్పుడు అందరం నవ్వేవాళ్లం, అమ్మ తప్ప. తమ్ముడి కాళ్లు వంగుతుంటే కళ్లారా చూసిన మనిషి ఆమె. నేను పుట్టినప్పుడు బాపుతో ఒక్కటే మాట అందట. "గీ బోరు నీళ్లు నా బిడ్డ నోట్ల ఒక్క సుక్క పడొద్దు."

బాపు ఆ మాట కోసమే బండి కొన్నాడు. అది కొత్తది కాదు, ఎవరో వాడి విసిగిపోయిన మోటారుసైకిలు. వెనక సీటు మీద ఒక చెక్క కట్టి, దానికి అటొకటి ఇటొకటి నీళ్ల డబ్బాలు వేలాడదీసి, పక్క ఊరి నుంచి తెచ్చేవాడు. మొదట్లో అక్కడి తీయనీళ్ల బావి నుంచి, తర్వాత అక్కడే పెట్టిన ఫిల్టరు నుంచి. దారంతా గుట్టలూ గుంతలూ. ఇంటికొచ్చేసరికి బాపు వీపు సగం చెమటతో, సగం డబ్బాల మూతల్లోంచి చిందిన నీళ్లతో తడిసి ఉండేది. ఆ చిందిన నీళ్లు చూసినా అమ్మకు ప్రాణం కొట్టుకునేది. తాగే నీళ్లు ఒక కుండలో, దాని మీద మూత, మూత మీద ఒక రాయి. నా వెనక పుట్టిన తమ్ముడూ నేనూ ఆ కుండలోవి తప్ప వేరే నీళ్లు తాగితే వీపు విమానం మోతే.

కొత్తగా తెలంగాణ వచ్చిన రోజులవి. ఇంటింటికీ నల్లా వస్తుందని మాట వినబడుతోంది కానీ పైపులు ఇంకా మా ఊరి దారి పట్టలేదు. ఎండాకాలం. ఇంటింటా మామిడికాయ తొక్కు పనులు. అప్పుడే ఆ బండికి రోగం మొదలైంది.

మొదట కిందెక్కడో సన్నగా గుర్రుమనేది. తర్వాత అది పెద్దదై, బాపు ఊరి పొలిమేరలో ఉండగానే మాకు ఇంట్లో తెలిసిపోయేది.

"ఏమయ్యా, బండి పిండిగిర్ని లెక్క మొత్తుకుంటాంది, ఎవలకన్న సూపియ్యరాదు?" అనేది అమ్మ.

"దాని బాధేందో నాకెర్కలేదా?" అనేవాడు బాపు.

"ఎర్కుండే గింత దూరం తెచ్చినవు బావా" అనేవాడు మామ అరుగు మీంచి.

బాపు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. విన్నాక ఎవరికీ ఏమీ చెప్పేవాడు కాదు. చివరికి ఒకరోజు అమ్మ పోరు పడలేక మెకానిక్ దగ్గరికి పోయాడు. క్రాంకు బేరింగులు పోయినయి, ఇంజను దించాలె, బండి ఇక్కడ పెట్టిపో అన్నాడట మెకానిక్. అక్కడే వచ్చింది చిక్కు. బాపుకు ఒక పాత గాయం ఉంది. ఒకప్పుడు ఇంకెక్కడో బండి వదిలేసి వస్తే, మంచి కార్బొరేటరు తీసి ఎవరిదో పాతది బిగించి ఇచ్చారని ఆయన అనుమానం. రుజువు లేదు. అయినా అప్పటి నుంచి బండిని కంటి ముందు నుంచి కదలనివ్వనని పంతం. అందుకని, "దించుతే దించు గని నేను గీడనే కూసుంట, సూస్కుంట" అన్నాడు. "గంత నమ్మకం లేనోనివి నువ్వే చేస్కో పో" అన్నాడు మెకానిక్.

మెకానిక్ ఒళ్లు మండి అన్న మాట అది. మా బాపు దాన్ని సలహాగా తీసుకున్నాడు.

నల్గొండకు బస్సులో పోయి బేరింగులు కొనుక్కొచ్చాడు. కాగితంలో చుట్టినవి, పైన నూనె మెరుస్తూ, ఉంగరాల్లా ముద్దుగా ఉన్నాయి. పిల్లల చేతికి అందకూడదని దేవుడి గూట్లో పెట్టాడు. పసుపు కుంకుమ భరిణెల మధ్య బేరింగులు! అమ్మ దీపం పెట్టబోయి వాటిని చూసి, పక్కకు జరిపి దీపం పెట్టింది. బాపు అటు పోగానే నేను పీటెక్కి ఒకదాన్ని తీసి, వేలికి తొడిగి తిప్పాను. సర్రుమని ఎంతసేపు తిరిగిందో! తమ్ముడూ తిప్పాడు. వంతులేసుకుని తిప్పాం. ఆ రోజు మేం తిన్నది బెల్లం రొట్టె. బేరింగుకు అంటిన బెల్లం జిగట చూసి బాపు పెట్టిన కేకకు గూట్లో దీపం కూడా అదిరి ఉంటుంది. గాసునూనెలో, అదే కిరసనాయిలులో ముంచి, ఊది, తుడిచి, మళ్లీ గూట్లోనే పెట్టాడు. ఇంకెక్కడైనా పెట్టాలని ఆయనకు తోచలేదు.

ఇక విప్పడం మొదలైంది. వాకిట్లో అమ్మ మామిడి ముక్కలు ఆరబోసుకునే పాత చెద్దరు పరిచాడు. ఇంజను దించాడు. ఆయన దగ్గరున్నవి నాలుగు పానాలు, ఆ స్క్రూడ్రైవరు, ఒక సుత్తె, ఒక ఉలి. మిగతా సరంజామా అంతా మా వంటింటి నుంచి పోయింది. రోకలి పోయింది, రొట్టెల పీట పోయింది, పట్టకారు పోయింది. లోపలి చక్రమొకటి ఊడదీయడానికి ప్రత్యేకంగా ఒక పనిముట్టు ఉంటుందట. అది లేదని బాపు వెనక చక్రం ఇరుసు ఊడబీకి దాన్నే ఆ చక్రం మధ్యలోని మరల్లో బిగించి తిప్పాడు. అది టంగుమని ఊడి వచ్చినప్పుడు మాత్రం నాకు కూడా గర్వమేసింది. అంతలోనే అర్థమైంది, ఇప్పుడు బండికి ఇంజనూ లేదు, వెనక చక్రమూ లేదు.

బోల్టులు కలిసిపోకుండా మా స్టీలు గిన్నెల్లో పోశాడు. ఈ గిన్నెలోవి ఎడమ పక్కవి, ఆ గిన్నెలోవి కుడి పక్కవి. మధ్యాహ్నం అమ్మ మామిడికాయ పప్పు వండి చూస్తే వడ్డించడానికి గిన్నె లేదు. పప్పు గరిటెతో తిన్నగా అన్నం మీదే పోసింది. వాకిలంతా ఒకటే వాసన. ఒక పక్క తొక్కులోకి కాగిన పల్లినూనె, వెల్లుల్లి, మెంతిపిండి. ఒక పక్క గాసునూనె, నల్లగా మాడిన ఇంజనాయిలు. ఆ ఏటి తొక్కు ఏడాదంతా తిన్నాం, ఏ ముక్క కొరికినా నాకు ఇంజనే గుర్తొచ్చేది.

ఈలోగా నీళ్లు. బండి లేదు కాబట్టి నీళ్లు లేవు. ఇంకొకరి బండి అడగొచ్చు కదా? బాపు అడగడు. "ఒగల బండి అడుగుడు నాతోని గాదు" అన్నాడు. పోనీ ఎవరైనా తెచ్చేవాళ్లకు రెండు డబ్బాలు చెప్పొచ్చు కదా? అదీ చెప్పడు. "ఎల్లుండికి లేస్తది తియ్యి" అనేవాడు. ఆ ఎల్లుండి ఎప్పటికీ ఎల్లుండిగానే ఉండేది. అమ్మ ఉపాధి పనికి పోయి, పొద్దంతా ఎండలో మట్టి తవ్వి, వచ్చేటప్పుడు ఆ పక్క ఊరి వాళ్లెవరైనా ఇస్తే ఒక బిందె నెత్తిన పెట్టుకుని వచ్చేది. కుండలో నీళ్లు అడుగంటుతుంటే మాకు గ్లాసు సగమే నింపేది. అరుగు మీద మామ మాత్రం నవ్వేవాడు. "నాకియ్యకక్కా, నా కాళ్లకు ఇంకేం వంకర వోతయి? ఉన్న వంకర చాలు." అమ్మ కళ్లు తుడుచుకుని ఆయనకే ముందు ఇచ్చేది.

ఇంజను రెండు చిప్పలుగా విడిపోయింది. చిప్పను కాగే నీళ్లలో పెడితే లోహం ఉబ్బి బేరింగు వదులవుతుందని బాపుకు ఎవరో చెప్పారట. గాసునూనెతో కడిగి, బోరు నీళ్లు పోసిన గంజులో ముంచి, కట్టెల పొయ్యి మీద పెట్టాడు. సలసల కాగాక పట్టకారుతో తీసి పీట మీద బోర్లించి కొడితే బేరింగు ఊడి పడింది. బాపు మొహం వెలిగిపోయింది. రెండో చిప్పలోదీ పడింది. ఒక్కటి మాత్రం పడలేదు. గేర్ల పక్కన చిన్నది, దాని వెనక దారి లేదు, గుడ్డి గుంతలో కూర్చుంది. ఎంత కాచినా, ఎంత కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. దాన్ని లాగే పనిముట్టు మా దగ్గర లేదు. బాపు దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని రకరకాల బూతులు తిట్టాడు. కొన్ని నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

"బావా, ఎనక నుంచి నూకరాదు?" అన్నాడు మామ.

"ఎనక దారి ఉంటే నీ సలహా దేనికిరా?"

"ముంగట నుంచే ఎనకకు పంపు. మన జొన్నపిండి గట్టిగ పిసికి గా తొర్రల కుక్కు. తొర్రకు సరిపోయే బోల్టు పెట్టి సుత్తెతోని కొట్టు. పిండి యాడికి పోతది? బేరింగు కిందికి పోయి దాన్ని మీదికి లేపుతది."

మామ ఎప్పటిలాగే ఆటపట్టిస్తున్నాడో, నిజంగానే చెబుతున్నాడో ఎవరికీ తెలియలేదు. తర్వాత అడిగితే తనకూ తెలియదన్నాడు. అమ్మ పనికి పోయి ఉంది, తమ్ముడు ఆటకు. బాపు రొట్టెల పిండి డబ్బా తీశాడు. నేను పిండి పిసికాను. కుక్కడం, కొట్టడం, మళ్లీ కుక్కడం, మళ్లీ కొట్టడం. ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. వెంట్రుకవాసి లేచింది. ఇంకొంచెం లేచింది. చివరికి పిండి ముద్దతో సహా పైకి వచ్చేసింది. బాపు ఎగిరి గంతేశాడు. మామను అమాంతం ఎత్తి గిర్రున తిప్పాడు. "అరేయ్ దించు బావా, నాకు బేరింగులు లేవు" అని మామ అరిచాడు. ముగ్గురం కడుపులు పట్టుకుని నవ్వాం.

నవ్వు ఆగాక బాపు చిప్పలోకి తొంగి చూశాడు. ఇంజనులో ఆయిలు పారడానికి సన్నని దారులుంటాయి. ఆ దారుల్లోకి పిండి దూరింది. చిప్ప వేడికి లోపలే రొట్టె కాలినట్టు కాలి బిగుసుకుంది. చీపురు పుల్ల పెట్టాడు, రాలేదు. సైకిలు పంపుతో కొట్టాడు, కొంచెం వచ్చింది. వేడినీళ్లలో నానబెడితేనే పోతుందన్నాడు. మళ్లీ గంజు తీశాడు. అప్పటికే గంజు లోపల ముందు కాచిన బోరు నీళ్ల తెల్లటి పొర కట్టి ఉంది. బాపు ఆ పొరను గోటితో గీకి చూశాడు. చిప్ప వైపు చూశాడు. ఆయిలు దారులు మొగ్గవత్తి దారమంత సన్నవి.

"బోరు నీళ్లు పోస్తే గీ పొర పోయి దార్ల కూసుంటది" అన్నాడు.

లేచి వెళ్లి తాగేనీళ్ల కుండ మీది రాయి తీశాడు.

నేను వద్దన్నానా? గట్టిగా అన్నట్టే గుర్తు. "రేపు బండి లేస్తది బిడ్డా, నీకెన్ని డబ్బాలు గావాలె?" అన్నాడు. మామ కూడా ఈసారి నవ్వలేదు, "అక్క సంపుతది బావా" అన్నాడు. బాపు వినలేదు. మొదటిసారి కడిగితే నీళ్లు అంబలి అయ్యాయి. పారబోశాడు. రెండోసారి పోశాడు. దారులన్నీ ఊది చూసుకుని తృప్తిపడ్డాక, కొత్త బేరింగులు దించడానికి చిప్పలు మళ్లీ వేడెక్కాలి కదా, కుండలో మిగిలినవన్నీ గంజులో ఒంపి, చిప్పలు ముంచి పొయ్యి మీద పెట్టాడు. బేరింగులను అప్పటికే సావుకారి దుకాణంలో కూల్ డ్రింకుల ఫ్రిజ్జులో పెట్టించాడు. చల్లబడితే అవి కుంచించుకుపోయి తేలిగ్గా దిగుతాయట. అంతా చక్కగా ఆలోచించాడు, ఒక్క అమ్మ సంగతి తప్ప.

అమ్మ వచ్చేసరికి నీళ్లు మరుగుతున్నాయి. మొహం ఎండకు కమిలిపోయి ఉంది, పెదాలు ఎండి పగిలాయి. గడ్డపార గోడకు ఆనించి, నేరుగా కుండ దగ్గరికి పోయింది. రాయి కింద ఉంది. మూత కింద ఉంది. కుండను వంచి చూసింది, బోర్లించింది. ఒక్క చుక్క రాలలేదు. వాకిట్లోకి వచ్చి గంజులోకి చూసింది.

"గివ్వి ఏం నీళ్లు?"

బాపు పొయ్యిలో కట్టె ఎగదోశాడు.

"నిన్నే అడుగుతున్న. గివ్వి ఏం నీళ్లు?"

"కుండల నీళ్లే" అన్నాడు బాపు. "బోరు నీళ్లయితే ఇంజన్ల పొర కడ్తది. ఆయిలు దార్లు మూస్కపోతయి. మళ్ల గంతా ఇప్పాలె."

అమ్మ నోట వచ్చింది అరుపు కాదు, అరిచినా బాగుండేది.

"ఇంజన్ల పొర కట్టొద్దు. నా పిల్లల బొక్కలల్ల కట్టొచ్చా?"

మామ అరుగు మీద తల దించుకున్నాడు. నాకు ఆ క్షణం బాపు మీద ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. అమ్మ బోరు దగ్గరికి పోయి, చేతి పంపు కొట్టి, చెంబు నిండా నీళ్లు తెచ్చి బాపు ముందు ఠప్పున పెట్టింది.

"తాగు. రేపటి దాంక పిల్లలు తాగేటియి గివ్వే. ముందుగాల నువ్వు తాగు, నేను సూస్త."

బాపు చెంబు ఎత్తాడు. గటగటా చివరిదాకా తాగి, మూతి తుడుచుకుని, చెంబు కింద పెట్టాడు.

"నేను రోజు తాగేటియి గివ్వేనే" అన్నాడు.

అమ్మకు అర్థం కాలేదు. మాకూ కాలేదు.

"రెండు డబ్బాలు అయిదుగురికి చాలయి. ఇద్దరు పిల్లలు, నువ్వు, నీ తమ్ముడు. గందుకే నేను బోరు కాన్నే తాగొస్త."

"ఎప్పటి సంది?" అని అడిగాడు మామ. ఆ గొంతు ఆడగొంతులా సన్నగా అయిపోయింది.

"బండి కొన్నప్పటి సంది."

అప్పుడు గుర్తుచేసుకుంటే, బాపు ఇంట్లో గ్లాసుతో నీళ్లు అడగగా నేను ఎన్నడూ వినలేదు. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేటప్పుడే బోరు దగ్గర దోసిలి పట్టేవాడు. అన్నం తినేటప్పుడు చల్ల తాగేవాడు. ఆయన సంగతి ఆయన చూసుకుంటాడని అందరం అనుకున్నాం. ఒక మనిషి ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో వేరే నీళ్లు తాగుతుంటే నలుగురం కనిపెట్టలేదు.

సినిమాల్లో అయితే అమ్మ అక్కడ ఏడ్చి ఉండేది. మా అమ్మకు ఇంకా మండిపోయింది.

"ఇంకో డబ్బా కట్టుకొస్తే నీ బండి సచ్చిపోతుండెనా?"

"బండి మొయ్యదే. గుట్ట ఎక్కదు."

"మొయ్యకపోతే ఇంకోసారి పో! దినాం రెండుసార్లు పో! ఎవలనన్న అడుగు! నోరు లేదా నీకు? ఒగని బండి అడగవు, ఒగ డబ్బా తెమ్మని అడగవు, నీ పెండ్లాన్ని ఒక గిలాస నీళ్లు అడగవు. నీ బొక్కలు నీ ఒక్కనియేనా? రేపు నువ్వు గిట్ల కూసుంటే" అని మామ వైపు చెయ్యి చూపించింది. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అనక్కా" అన్నాడు మామ మెల్లగా. "నిజమే గదా. బావా, నా లెక్క కూసుందామని ఉందా నీకు? అరుగు మీద ఇద్దరికి జాగ లేదు."

గంజులో నీళ్లు ఇంకా మరుగుతున్నాయి. అమ్మ కొంగు నడుముకు దోపి నా వైపు తిరిగింది.

"గుడ్లప్పగించి సూస్తవేందే? పో, సావుకారి కాడికి ఉరుకు, బేరింగులు తే. గా నీళ్లు ఉత్తగ పోవద్దు."

పరుగెత్తాను. సావుకారమ్మ ఫ్రిజ్జులోంచి మంచు పట్టిన డబ్బా తీసి తువ్వాలలో చుట్టి ఇచ్చింది. వచ్చే దారిలో కనబడ్డ ప్రతి మనిషీ "ఏందే అది?" అని ఆపేవాళ్లే. "కుల్ఫీయా?" అని ఒకాయన, "దవాఖాన సూదా?" అని ఒకామె. మా ఊళ్లో చేతిలో మూటతో ఎవరూ ఊరికే పోలేరు, విప్పి చూపించాల్సిందే. తిట్టుకుంటూ, తోసుకుంటూ, ఏడుపు మొహంతో ఇల్లు చేరాను. అమ్మ పట్టకారుతో చిప్పను తీసి పీట మీద పెట్టింది. బాపు బేరింగును సరిగ్గా గుంత మీద పెట్టి వదిలాడు. సుత్తె అక్కర్లేకపోయింది. టక్ అని తనంతట తానే దిగి కూర్చుంది. రెండోదీ, మూడోదీ అంతే. అమ్మ మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. పొరుగింటికి పోయి బిందెడు మంచినీళ్లు అడిగి తెచ్చింది. అడగడం అంత తేలిక అన్నమాట.

మర్నాడంతా బిగించారు. బాపు, పక్కన అమ్మ. ఏ గిన్నెలో బోల్టు ఎక్కడిదో బాపు మర్చిపోతే అమ్మే చెప్పింది, అవి ఆమె గిన్నెలు కదా. చివర్లో ఒక వాషరు మిగిలింది. ఎక్కడిదో ఎవరికీ తెలియలేదు, దాని గురించి మాట్లాడకూడదని అందరం అనుకోకుండానే ఒప్పుకున్నాం. కిక్కు కొట్టగా కొట్టగా బండి లేచింది. గుర్రు లేదు. కానీ వేడెక్కేకొద్దీ ఎక్కడో మిగిలిన పిండి కాలుతూ వాకిలంతా కమ్మటి జొన్నరొట్టె వాసన. "బండికి ఆకలైతాంది" అన్నాడు మామ. అమ్మ మొహం తిప్పుకుంది. భుజాలు కదిలాయి, నవ్విందని నేను అనుకున్నాను.

ఆ సాయంత్రం డబ్బాలొచ్చాయి. అమ్మ కుండ నింపి, మొదటి గ్లాసు ముంచి, బాపు ముందు నిలబడింది. పిల్లలకు ముందు ఇయ్యమన్నాడు. ఆమె కదల్లేదు. ఆయన తాగేదాకా అక్కడే నిలబడింది. తర్వాత రోజూ అంతే. దినానికి రెండు తిరుగుళ్లు తిరిగేలా చేసింది.

తర్వాత మూడు నాలుగేళ్లకు నల్లా వచ్చింది. కుండ మీది రాయి పశువుల పాకలోకి పోయింది. బండి పాతసామాను వాడి తోపుడుబండి మీద పోయింది. మామ పోయాడు. ఊళ్లో ఇప్పటి పిల్లలకు బిందెడు నీళ్ల కోసం ఇంత రామాయణం జరిగిందంటే అర్థం కాదు, అర్థం కాకపోవడమే మంచిది. బాపూ అమ్మా ఇప్పుడు నల్గొండలో తమ్ముడి దగ్గర, మా వెనక వీధిలోనే ఉంటారు. బాపు మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతాడు. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఈయన ఎన్నేళ్లు తాగాడు ఆ నీళ్లు అని అడిగితే, అమ్మ నన్ను చెప్పమంది.

నా పళ్లు తెల్లగా ఉంటాయి. ఆ దిక్కు పిల్లల పళ్ల మీద ఆ నీళ్లకు గోధుమరంగు చారలుంటాయి, నాకూ తమ్ముడికీ లేవు. కాలేజీలో నాది ఏ ఊరో చెబితే ఎవరూ నమ్మేవాళ్లు కాదు, నవ్వి చూపించమనేవాళ్లు. పెళ్లిచూపుల్లో మా అత్తగారు మొదట మెచ్చుకున్నది కూడా వాటినే. అందరూ అదృష్టం అంటారు. నాకు మాత్రం ఎవరు వాటిని మెచ్చుకున్నా బాపు మీద కోపమే వస్తుంది. రోజుకో గ్లాసు, ఒక్క గ్లాసు అడిగి తాగితే మాకేం తక్కువయ్యేది?